జమాఖర్చుల చదువు – అమానత్

హైదరాబాదు తూర్పు కొసన ఉన్న ఉప్పల్ చౌరస్తా నుండి హబ్సీగూడ, తార్నాకల మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి దూరం కొద్ది మైళ్ళే. నాచారం నుండి అయితే అంత కూడా లేదు. ఈ రెండు పేటలలోనూ పారిశ్రామికవాడలు ఉన్నవి. వాటి చుట్టూ లేత్ షెడ్లు, విడిభాగాలు చేసే చిన్న కార్ఖానాలు, ఇనుము దుకాణాలు, కిరాణా కొట్లు వెలసినవి. అక్కడి యజమానుల పిల్లలు, పనివారి పిల్లలు కూడా నేడు బి.కాం.లో చేరుతున్నారు. 2016-17లో సెమిస్టర్ పద్ధతి వచ్చిన పిమ్మట ఉస్మానియా పరిధిలోని కళాశాలలలో మొదటి సెమిస్టరులోనే వారికి ఎదురయ్యే విషయం ఫైనాన్షియల్ అకౌంటింగ్. తెలుగులో దీనినే ఆర్థిక గణక శాస్త్రమని అంటున్నారు. పేటలోని పెద్దలు మాత్రం ఇప్పటికీ జమాఖర్చుల చదువు అనే అంటారు.

ముస్లిం కుటుంబాల నుండి, అందునా మదరసాలో కొంత చదివి వచ్చిన విద్యార్థి ఈ పాఠాన్ని సాధారణంగా రెండు విధాలుగా చూస్తాడు. ఒకటి, ఇది ఉద్యోగానికి పనికివచ్చే విద్య మాత్రమే, దీనికీ దీన్‌కూ సంబంధం లేదు. రెండు, ఇది వడ్డీలతోనూ బ్యాంకులతోనూ ముడిపడిన విద్య కనుక దూరంగా ఉంటేనే మేలు. ఈ రెండు అభిప్రాయాలూ పరిశీలనకు నిలిచేవి కావు. జమాఖర్చులు వ్రాయడం మూలతః సాక్ష్యం చెప్పడం. సాక్ష్యానికి సంబంధించిన బాధ్యతలన్నీ దానికి వర్తిస్తాయి. ఈ సంగతి తెలియక చదివినవాడు లెక్కలు సరిపెట్టడం నేర్చుకుంటాడు. తెలిసి చదివినవాడు లెక్కలు సరిచేయడం నేర్చుకుంటాడు. ఈ రెంటికీ గల వ్యత్యాసం మొదటి సెమిస్టరు పాఠాలలోనే ఎట్లా కనబడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల చరిత్ర

ముందుగా మాటలనే చూడవచ్చు. తెలుగువాడు లెక్కలు వ్రాసేటప్పుడు వాడే పదాలలో చాలా భాగం అరబీ, ఫార్సీ భాషల నుండి వచ్చినవే. జమ అంటే అరబీలో కూర్చడం. వసూలు అంటే చేరడం. బాకీ అంటే మిగిలి ఉన్నది. అల్లాహ్ శుభనామాలలోని అల్ బాఖీ, అనగా శాశ్వతంగా మిగిలి ఉండేవాడు, అదే ధాతువు నుండి వచ్చినది. నగదు అనే మాటకు మూలమైన నఖ్ద్‌కు నాణేన్ని పరీక్షించి మంచిదో చెడ్డదో తేల్చడమనే అర్థం కూడా ఉన్నది. రసీదు ఫార్సీ మాట. చేరినట్లు తెలిపేది అని భావం. ఫార్సీ రాజభాషగా ఉన్న కాలంలో రెవిన్యూ దఫ్తరాల ద్వారా ఈ మాటలు పల్లె కరణం నోటికీ, పట్టణపు షావుకారు పుస్తకానికీ చేరినవి.

వీటిలో ఆవర్జా అనే మాట ప్రత్యేకంగా గమనించదగినది. చిట్టా, ఆవర్జా అని తెలుగులో జంటగా అంటారు. రోజువారీ వ్యవహారాలు వరుసగా వ్రాసుకునే పుస్తకం చిట్టా. వాటిని ఆయా ఖాతాల కింద విడదీసి ఎక్కించే పుస్తకం ఆవర్జా. క్రీ.శ. పదవ శతాబ్దిలో ‘మఫాతీహుల్ ఉలూమ్’ అనే గ్రంథం వ్రాసిన అబూ అబ్దుల్లాహ్ అల్ ఖ్వారిజ్మీ నాటి దఫ్తరాల పారిభాషిక పదాలను వివరిస్తూ ఈ ఆవారజ్ అనే పుస్తకాన్నీ, రూజ్‌నామజ్ అనే దినచర్య పుస్తకాన్నీ పేర్కొన్నాడు. ఈయన బీజగణితం వ్రాసిన ఖ్వారిజ్మీ కాదు. ఆయన తరువాతి కాలం వాడు. అంటే అబ్బాసీ దఫ్తరాలలోని పుస్తకం పేరు వేయి సంవత్సరాల తరువాత తెలుగు వర్తకుని నోట నిలిచి ఉన్నదన్నమాట.

ఇందువలన జంటపద్దు విధానాన్ని ముస్లిములే కనిపెట్టినారని చెప్పబూనుకోవడం తొందరపాటు అవుతుంది. ఆ విధానాన్ని అచ్చుపుస్తకంలో క్రమబద్ధంగా మొట్టమొదట వివరించినవాడు ఇటలీకి చెందిన క్రైస్తవ సన్యాసి లూకా పాచియోలీ. ఆయన గ్రంథం 1494లో వెనిస్‌లో వెలువడినది. ఆయన కూడా దానిని తాను కనిపెట్టలేదు. వెనిస్ వర్తకులు పాటిస్తున్న దానిని వివరించినాడు. ఆ వర్తకులు వాడిన అంకెలు హిందూ దేశంలో పుట్టి అరబ్బుల ద్వారా అక్కడికి చేరినవి. ఉత్తర ఆఫ్రికాలోని బిజాయాలో ఆ అంకెలు నేర్చిన ఫిబొనాచీ 1202లో వాటిని గురించి గ్రంథం వ్రాసినాడు. విద్య చేతులు మారుతూ వచ్చినది. ఏ ఒక్క జాతి సొత్తూ కాదు గనుక నేర్చుకోవడానికి సంకోచించవలసిన అవసరమూ లేదు.

డెబిట్ అంటే ఏమిటి?

మొదటి నెలలో విద్యార్థి తడబడే చోటు ఒకటి ఉన్నది. బ్యాంకులో సొమ్ము తగ్గినప్పుడు అతని ఫోనుకు ‘డెబిట్ అయినది’ అని కబురు వస్తుంది. కనుక డెబిట్ అంటే పోవడం అని అతని మనసులో స్థిరపడి ఉంటుంది. తరగతిలోనేమో దుకాణానికి నగదు వస్తే నగదు ఖాతాకు డెబిట్ వ్రాయాలని ఉపాధ్యాయుడు చెబుతాడు. వచ్చినదానికి డెబిట్ ఏమిటని విద్యార్థి నిలిచిపోతాడు. చాలామంది అర్థం చేసుకోకుండానే సూత్రం బట్టీపట్టి ముందుకు పోతారు. తరువాతి పాఠాలు కష్టం కావడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక్కడ అరబీ తెలిసిన విద్యార్థికి ఒక సౌలభ్యం ఉన్నది. నేటి అరబీ గణకశాస్త్ర గ్రంథాలలో డెబిట్‌ను ‘మదీన్’ అంటారు, అనగా ఋణపడినవాడు. క్రెడిట్‌ను ‘దాయిన్’ అంటారు, అనగా ఋణమిచ్చినవాడు. లాటిన్‌లోనూ డెబిట్ మాటకు మూలం బాకీపడడమే. క్రెడిట్ మాటకు మూలం నమ్మడం. ఇవి రాకపోకలను కాక బాధ్యతను తెలిపే మాటలని గ్రహిస్తే చిక్కు విడిపోతుంది.

ఉదాహరణకు ఒక వ్యక్తి లక్ష రూపాయలతో నాచారంలో దుకాణం తెరిచినాడు అనుకోవచ్చు. లెక్కల దృష్టిలో దుకాణం వేరు, యజమాని వేరు. గల్లాపెట్టె లక్ష రూపాయలు పుచ్చుకున్నది. ఆ లక్షకు అది జవాబుదారి. కనుక నగదు ఖాతాకు డెబిట్. ఆ లక్ష ఇచ్చినవాడు యజమాని. దుకాణం అతనికి ఋణపడి ఉన్నది. కనుక మూలధనం ఖాతాకు క్రెడిట్. పుచ్చుకున్నది ఒక వైపు, ఇచ్చినది మరొక వైపు. పుచ్చుకున్నవాడు లేకుండా ఇచ్చినవాడు ఉండడు కనుక ప్రతి వ్యవహారానికీ రెండు పద్దులు తప్పవు. జంటపద్దు విధానమంటే ఇంతే.

ఇక ఫోనుకు వచ్చే కబురు సంగతి. అది బ్యాంకు తన పుస్తకంలో వ్రాసుకున్న మాట. డిపాజిటుదారు బ్యాంకుకు సొమ్ము ఇచ్చినవాడు. బ్యాంకు పుస్తకంలో అతడు దాయిన్. అతడు సొమ్ము తీసుకున్నప్పుడు అతనికి బ్యాంకు ఋణం తగ్గుతుంది కనుక బ్యాంకు అతని ఖాతాకు డెబిట్ వ్రాస్తుంది. అదే వ్యవహారాన్ని దుకాణదారు తన పుస్తకంలో వ్రాస్తే బ్యాంకు ఖాతాకు క్రెడిట్ అవుతుంది. ఒకే సంగతికి ఇద్దరు సాక్షులు, ఎవరి స్థానం నుండి వారు చెప్పిన సాక్ష్యాలు. ఈ రెండు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి తేడా ఎందుకు వచ్చినదో విచారించడమే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టీ అనే పాఠం.

యజమాని వేరు, దుకాణం వేరు అనే భావన కూడా ఫిఖ్హ్ చదివినవారికి పూర్తిగా కొత్తది కాదు. వక్ఫ్ ఆస్తికి, బైతుల్‌మాల్‌కు దాని నిర్వాహకుని సొంత ఆస్తితో సంబంధం లేదని ఫుఖహా ఏనాడో నిర్ణయించినారు. ముతవల్లీ వక్ఫ్ సొమ్మును తన జేబు సొమ్ముగా చూడరాదు. దుకాణదారు ఇంటి ఖర్చుకు గల్లా నుండి తీసినదానిని ‘సొంతవాడకాలు’ అని వేరుగా వ్రాయాలనే నియమానికి ఈ విధమైన శిక్షణ చక్కని పునాది.

అంకణా సరిపోతే చాలునా?

ఆవర్జాలోని ఖాతాలన్నిటి నిల్వలను డెబిట్, క్రెడిట్ అనే రెండు వరుసలలో వేసి కూడితే రెండు మొత్తాలూ సమానం కావాలి. ఈ పట్టీని అంకణా అంటారు. పరీక్షలో అంకణా సరిపోయినప్పుడు విద్యార్థికి కలిగే సంతోషం అంతా ఇంతా కాదు. అయితే అంకణా సరిపోవడం లెక్కలు నిజమని రుజువు చేయదు. ఈ మాట ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. జీవితంలో మాత్రం తరచుగా మరచిపోతారు.

అంకణాకు దొరకని తప్పులు కొన్ని రకాలు. ఒక అమ్మకాన్ని అసలే వ్రాయకపోతే డెబిట్టూ లేదు, క్రెడిట్టూ లేదు, అంకణా సరిపోతుంది. 5,000 రూపాయల బిల్లును రెండు వైపులా 500 అని వ్రాస్తే అప్పుడూ సరిపోతుంది. ఒకరు చెల్లించిన సొమ్మును అదే పేరుగల మరొకరి ఖాతాలో జమ చేసినా సరిపోతుంది. కాని బాకీ తీర్చినవాని మీద బాకీ నిలిచి ఉంటుంది. కొత్త యంత్రం కొన్న సొమ్మును మరమ్మతుల ఖర్చుగా వ్రాస్తే ఆ యేడు లాభం తగ్గి కనబడుతుంది. అంకణా మాత్రం మాట్లాడదు. ఒకచోట వంద ఎక్కువ, మరొకచోట వంద తక్కువ పడితే రెండు తప్పులూ ఒకదానినొకటి కప్పుకుంటాయి.

కనుక అంకణా కూడిక తప్పులను పట్టగలదు, మనిషి అబద్ధాన్ని పట్టలేదు. అందుకు వోచరు కావాలి, సరుకును కళ్ళతో చూసి లెక్కించడం కావాలి, ఎదుటివారి పుస్తకంతో పోల్చుకోవడం కావాలి. వీటన్నిటికంటె ముందు వ్రాసేవానికి తాను ఎవరి ముందు జవాబుదారియో తెలిసి ఉండాలి.

అనామతు ఖాతా

అంకణా సరిపోనప్పుడు ఏమి చేయాలి? తేడాను తాత్కాలికంగా ఒక ప్రత్యేక ఖాతాలో వేసి, తప్పు దొరికిన తరువాత సవరణ పద్దుతో ఆ ఖాతాను ముగించాలి. ఆ ఖాతా పేరు అనామతు ఖాతా. అనామతు అనే ఈ మాట అరబీలోని అమానత్ నుండి వచ్చినది. దేశభాషలలో అక్షరాలు తారుమారైనవి కాని అర్థం చెడలేదు: ఒకరి సొమ్ము మరొకరి చేతిలో నమ్మకంగా ఉంచినది.

ఈ పేరులోనే పాఠమంతా ఉన్నది. అంకణాలో 900 రూపాయల తేడా వచ్చినదంటే ఆ 900 ఎవరిదో తెలియదన్నమాట. అది గిరాకీదారుదో, సరుకు ఇచ్చినవానిదో, పనివాని కూలిదో కావచ్చు. తెలిసే వరకు అది అమానత్. అమానత్ ఉంచుకున్నవాడు దానిని తన సొమ్ముతో విడదీయరాకుండా కలిపివేస్తే దానికి పూర్తి బాధ్యుడవుతాడని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. తేడాను ‘ఇతర ఖర్చులు’ కింద వేసి మూసివేసే గుమాస్తా చేసే పని అచ్చంగా ఇదే. దీనినే పేటలో సరిపెట్టడం అంటారు.

సరిచేయడానికి శ్రమ కావాలి. దానికి కొన్ని పద్ధతులూ ఉన్నవి. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారైనవేమో చూడాలి. 4,500ను 5,400 అని ఎక్కిస్తే వచ్చే తేడా 900. తేడా సరిసంఖ్య అయితే దానిలో సగం మొత్తం గల పద్దు ఒకటి డెబిట్‌కు బదులు క్రెడిట్‌లో పడిందేమో వెతకాలి. 450 రూపాయల పద్దు ఎదుటి వైపు పడినా 900 తేడానే వస్తుంది. కూడికలు కింది నుండి పైకి మళ్ళీ వేయాలి. నిరుటి నిల్వలు ఈ యేటి పుస్తకంలోకి సరిగా వచ్చినవో లేదో చూడాలి. వ్రాసినదానిని గీరివేయక, తప్పు తప్పుగా కనబడుతుండగానే వేరొక పద్దుతో సవరించాలి.

ఈ చివరి నియమం నేడు చట్టంలోకి కూడా వచ్చినది. 2023 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో కంపెనీలు లెక్కలకు వాడే సాఫ్ట్‌వేరు ప్రతి మార్పునూ, అది ఏ తేదీన జరిగినదో కూడా నమోదు చేసేదిగా ఉండాలి. ఆ నమోదును ఆపివేయడానికి వీలుండరాదు. కాగితం మీద కొట్టివేత కనబడినట్లే కంప్యూటరులోనూ కనబడాలని దీని భావం.

హైదరాబాదు చూసిన పాఠం

2009 జనవరి 7న హైదరాబాదు కేంద్రంగా గల సత్యం కంప్యూటర్ సర్వీసెస్ సంస్థ అధ్యక్షుడు బి. రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు ఒక ఉత్తరం వ్రాసినాడు. 2008 సెప్టెంబరు 30 నాటి ఆస్తి అప్పుల పట్టీలో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలుగా చూపినారనీ, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవనీ ఆ ఉత్తరం సారాంశం. వేలాది ఉద్యోగులు, లక్షలాది వాటాదారులు తల్లడిల్లినారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం ఆయననూ మరి తొమ్మిది మందినీ దోషులుగా నిర్ణయించినది. వారు అప్పీలుకు వెళ్ళినారు.

వాణిజ్యశాస్త్రంలో ఈ సంఘటనను పై తరగతులలో చర్చిస్తారు. నిజానికి దీనిలో కీలకం మొదటి సెమిస్టరు పాఠమే. ఆ ఆస్తి అప్పుల పట్టీ రెండు వైపులా సమానంగానే ఉండినది. సంస్థ పుస్తకంలోని బ్యాంకు నిల్వ, బ్యాంకు పుస్తకంలోని నిల్వ ఒకటి కావు. రెండవ సాక్షిని స్వయంగా, సూటిగా అడిగి ఉంటే మొదటి సాక్ష్యం నిలిచేది కాదు. లేని లాభం ఒక త్రైమాసికంలో కొంత చూపితే దానిని నిలబెట్టడానికి తరువాతి దానిలో ఇంకొంత చూపవలసి వచ్చిన క్రమాన్ని ఆ ఉత్తరమే ఒప్పుకున్నది. సరిపెట్టడం ఒకసారితో ఆగదు.

జకాత్ లెక్కలో పుస్తకం స్థానం

ఇక ముస్లిం కుటుంబంలో బి.కాం. విద్యార్థికి యేటేటా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. రమజాన్ దగ్గరపడగానే తండ్రి లెక్కల పుస్తకం ముందుపెట్టి ‘జకాత్ ఎంత?’ అని అడుగుతాడు. దీనికి ఒక కల్పిత ఉదాహరణతో సమాధానం చూడవచ్చు.

నాచారంలోని ఒక లేత్ కార్ఖానా ఆస్తి అప్పుల పట్టీ ఈ విధంగా ఉన్నదనుకోవాలి. అప్పుల వైపు: మొదటి మూలధనం 9,00,000, ఆ యేటి నికర లాభం 2,40,000 కలిపి, సొంతవాడకాలు 1,80,000 తీసివేయగా 9,60,000. సరుకు ఇచ్చినవారికి బాకీ 1,50,000. బంధువు ఇచ్చిన వడ్డీలేని అప్పు 2,00,000. యేడాదికి 40,000 చొప్పున తీర్చాలి. మొత్తం 13,10,000. ఆస్తుల వైపు: తరుగుదల పోగా యంత్రాలు 7,00,000, సామాను 20,000, ముడి ఇనుము 1,60,000, తయారైన సరుకు 1,20,000, రావలసిన బాకీలు 2,30,000, నగదు, బ్యాంకు నిల్వ 80,000. మొత్తం 13,10,000.

తండ్రి లాభం మీద రెండున్నర శాతం వేస్తే 6,000 అవుతుంది. ఇది తప్పు; వర్తకపు జకాత్ లాభం మీద కాదు, చేతిలో ఉన్న వర్తకపు సంపద మీద. మూలధనం మీద వేస్తే 24,000 అవుతుంది. ఇదీ తప్పు, పనిముట్ల మీద, యంత్రాల మీద జకాత్ లేదు. కనుక ఆస్తులను ఒక్కొక్కటిగా పరిశీలించాలి.

యంత్రాలు, సామాను తీసివేయాలి. ముడి ఇనుము బజారు ధర ప్రకారం 1,60,000 అనుకోవాలి. తయారైన సరుకును పుస్తకంలో 1,20,000గా చూపినారు. గణకశాస్త్ర నియమం ప్రకారం సరుకుకు అయిన ఖర్చు, అమ్మితే రాగల ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది వ్రాయాలి. జకాత్‌కు మాత్రం ఆనాటి బజారు ధర చూడాలి. అది 1,50,000 అనుకోవాలి. బాకీలలో 30,000 ఇక రాదని తేలిపోయినది, మిగిలినది 2,00,000. నగదు 80,000. మొత్తం 5,90,000. ఇందులో సరుకు ఇచ్చినవారి బాకీ 1,50,000, బంధువు అప్పులో ఈ యేటి వాయిదా 40,000 తీసివేస్తే 4,00,000 మిగులుతుంది. దీని మీద రెండున్నర శాతం 10,000. దీర్ఘకాలపు అప్పు విషయంలో ఉలమా మధ్య భేదాభిప్రాయాలున్నవి. ఈ యేటి వాయిదాను మాత్రమే తీసివేయడం నేటి పండితులలో పలువురు అనుసరించే మార్గం. నిసాబు యాభై రెండున్నర తులాల వెండి, అనగా 612.36 గ్రాములు, లేదా ఏడున్నర తులాల బంగారం, అనగా 87.48 గ్రాములు. సరుకు, నగదు కలిసి ఉన్నప్పుడు పేదలకు మేలు కలిగించే వెండి నిసాబునే మన దేశపు హనఫీ ముఫ్తీలు సాధారణంగా తీసుకుంటారు.

ఇంకొక సూక్ష్మం. ఆస్తి అప్పుల పట్టీ మార్చి 31 నాటిది. జకాత్ సంవత్సరం చాంద్రమానం. చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కంటె సుమారు పదకొండు రోజులు తక్కువ. కనుక జకాత్ తేదీన సరుకును మళ్ళీ లెక్కపెట్టడం ఉత్తమం. అది కుదరక మార్చి 31 లెక్కనే ఆధారం చేసుకునే సంస్థలకు శాతాన్ని ఆ రోజుల మేరకు పెంచి, సుమారు 2.58గా వేయాలని నేటి పండితులు సూచించినారు.

6,000, 24,000, 10,000: ఒకే పుస్తకం నుండి మూడు అంకెలు వచ్చినవి. మొదటి దానిలో పేదల హక్కు 4,000 తగ్గినది. రెండవ దానిలో యజమాని బాధ్యత లేని 14,000 అతని మీద పడినది. పుస్తకంలో అంకెలు నిజమైనవి కాకపోతే ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు. పన్ను తగ్గించుకోవడానికి సరుకును తక్కువగా వ్రాసిన యజమాని ఆ పుస్తకంతోనే జకాత్ లెక్క వేస్తే ప్రభుత్వానికి చెప్పిన అబద్ధం తన ఇబాదత్‌లోకి కూడా ప్రవేశిస్తుంది.

వ్రాసేవాని స్థానం

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటె పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు వ్రాతకు సంబంధించినది. గడువుగల అప్పును వ్రాసుకోవాలనీ, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలనీ, అల్లాహ్ నేర్పిన విద్య కనుక వ్రాయడానికి నిరాకరించరాదనీ, ఎవరి మీద హక్కు ఉన్నదో అతడే చెప్పి వ్రాయించాలనీ, అందులో ఏమీ తగ్గించరాదనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగుపడరాదనీ అది బోధిస్తుంది. అక్కడికక్కడ చేతులు మారే వ్యాపారానికి మాత్రం సడలింపు ఇచ్చినది. ఈ ఆజ్ఞ తప్పనిసరి అని ఇమామ్ తబరీ, జాహిరీ పండితులు అభిప్రాయపడగా, అది ప్రోత్సాహకరమైన ఆదేశమని అధిక సంఖ్యాకులైన ఫుఖహా భావించినారు. ఏ అభిప్రాయం తీసుకున్నా వ్రాసినప్పుడు న్యాయంగా వ్రాయడం తప్పనిసరి అనడంలో భేదం లేదు.

ఆ ఆయత్ చివరలో ఉన్న ఒక నియమం అంతగా ప్రచారంలోకి రాలేదు. వ్రాసేవానికీ సాక్షికీ హాని కలుగరాదని అందులో ఆదేశం ఉన్నది. వ్రాత అనేది బరువైన బాధ్యత గనుకనే వ్రాసేవానికి రక్షణ కల్పించినారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన గుమాస్తాను ‘ఈ తేడా ఎట్లాగో సరిపెట్టు’ అని యజమాని ఒత్తిడి చేయడం, కాదన్నవానిని పనిలోనుండి తీసివేయడం ఈ ఆదేశానికి విరుద్ధం. గుమాస్తా మాత్రమే తక్వా పాటించాలని, యజమానికి ఆ బాధ్యత లేదని ఎవరైనా అనుకుంటే వారు ఆయత్‌ను సగమే చదివినట్లు.

అరబీలో గణకశాస్త్రానికి ముహాసబా అని పేరు. ఆత్మపరీక్షకు కూడా అదే పేరు. హిజ్రీ 243లో మరణించిన హారిస్ అల్ ముహాసిబీకి ఆ పేరు దాని వల్లనే వచ్చినది. ఇమామ్ గజాలీ ‘ఇహ్యా’ గ్రంథంలో ఈ ఆత్మపరీక్షను వర్తక భాగస్వామితో జరిపే లెక్కతో పోల్చి వివరించినారు: విధులు మూలధనం, అదనపు ఆరాధనలు లాభం, పాపాలు నష్టం. వర్తకుల లెక్క ఎట్లా ఉంటుందో తెలిసిన పాఠకుల కోసం ఆయన ఆ పోలిక తీసుకున్నారు.

ఉప్పల్‌లోనో నాచారంలోనో ఇంట్లో కూర్చుని మొదటి సెమిస్టరు లెక్కలు చేసే విద్యార్థికి ఇందులో నుండి ఆచరణకు వచ్చేది ఒకటి ఉన్నది. పుస్తకంలోని కల్పిత వర్తకుల లెక్కలతో ఆగక, తండ్రి దుకాణంలోనో పేటలోని తెలిసినవారి కొట్లోనో ఒక్క నెల చిట్టా వ్రాసి, ఆవర్జాకు ఎక్కించి, అంకణా తీయాలి. మొదటిసారి అది సరిపోదు. అప్పుడు తేడాను అనామతులో ఉంచి, అది ఎవరిదో తెలిసే దాకా వెతకాలి. దొరికిన తొమ్మిది వందలు ఒక కూలివానివని తేలితే, ఆ సాయంత్రమే అతనికి చేర్చాలి.